సున్నాలో గిన్నె

మనామాలో శుక్రవారం పొద్దున
సూపర్‌మార్కెట్ ఇంకా నిద్రకళ్ళతోనే ఉంటాది.
నేను బండి తోసుకుంటా
ప్రతి పొట్లాన్నీ బోర్లించి వీపు చూస్తా.
ముందువైపు బొమ్మలతో నాకు పనిలే.

ఇంగ్లీషు రాదు. అరబ్బీ చెవికే గాని కంటికి రాదు.
ఒక్క గుర్తు మాత్రం నేర్పినాది హబీబా మామా.
(ఆడమనిషిని మామా అని పిలవడానికి
నాకు ఆరునెలలు పట్టింది.)
సున్నా. సున్నాలో ఒక గిన్నె.
కందిగింజంత.
అదుంటేనే ఇంట్లోకి.
దాని పక్కన సగం విరిచిన దోసె మాదిరి ఇంకోటుంటే
అందులో పాలున్నట్టు,
మాంసం తిన్నపూట దాన్ని ముట్టరు.

రెండు సింకులు, రెండు జతల గరిటెలు.
పొయ్యి మటుకు ఆమే ముట్టించాల, వణికే చేత్తో,
ఆ తర్వాత వంటంతా నాదే.
మొదట్లో నవ్వొచ్చేది.
మా ఊళ్ళో శేషమ్మగారి మడి వంటింటికి
పదేళ్ళు కట్టెలు మోసినాను,
గడప ఇవతలే దించేదాన్ని.
ఇక్కడ రెండు సొరుగుల తాళాలూ
నా మెడలో తాడుకి ఉండాయి.
ఈ మాట ఎవరితోనూ అనలేదు.

గుర్తున్నవన్నీ రుచిగా ఉంటాయా?
ఆ బిస్కెట్లు అట్టముక్క నమిలినట్టు.
ఆ సూపుపొడి, వేడినీళ్ళకు ఉప్పు చూపించినట్టు.
"దేవుడు చూసి తినమన్నాడు గాని
చప్పగా తినమని యాడన్నాడే రెడ్డెమ్మా?"
తొంభైకి రెండేళ్ళు తక్కువ ఆమెకు,
పళ్ళు నాలుగు,
నాలిక పదహారేళ్ళది.

అందుకే నా వేట.
ఒక వారం ఖర్జూరపు పాకం దొరికింది,
ఒక వారం ఉల్లికారం అద్దిన చిప్సు,
పొట్లం చించి లోపలి పొడి కూడా వేలితో నాకింది మామా.
అరలు సర్దే బెంగాలీ పిల్లోడు మొఫిజుల్
నన్ను చూస్తూనే కొత్త సరుకు తిప్పి పెడతాడు,
"గిన్నె ఉంది దీదీ" అని.

ఈ శుక్రవారం పచ్చళ్ళ వరసలో,
అడుగు అరలో, వంగితే నడుం పట్టేసే చోట
ఒక గాజు సీసా.
వేలెడేసి దోసకాయలు, ఆవాలు, సోయికూర ఆకు,
పుల్లనీళ్ళలో నిలబడి ఉండాయి.
బోర్లించినాను. గిన్నె ఉంది.
దాని కింద ఇండియా.
ఆ ఐదక్షరాలు నాకు పాస్‌పోర్టు నేర్పింది.

అంత ఏసీలోనూ చెమట పట్టింది.

కుప్పం పక్కన రేకుల షెడ్డులో
ఈ కాయలే ఏరేవాళ్ళం, నూట ఇరవైమంది ఆడోళ్ళం,
నెత్తిన ప్లాస్టిక్ టోపీ, వేళ్ళ సందుల్లో వెనిగర్ మంట.
లావైతే పక్కకు. వంకరైతే పక్కకు.
ఏడాదికోసారి ఒకాయన వచ్చేవాడు,
పొడుగు గడ్డం, నల్లకోటు, ఆ ఎండలో!
డ్రమ్ముల్లో తల పెట్టి చూసేవాడు,
ఆవాల బస్తా విప్పించేవాడు,
వెనిగర్ యాడిదని పదిసార్లు అడిగేవాడు.
టీ ఇస్తే వద్దనేవాడు.
"ఈ సామికి ఏం పోగొట్టుకుపోయిందో"
అని పార్వతమ్మ అంటే నేను కిసుక్కుమన్నాను.
సూపర్‌వైజర్ ఇద్దరికీ అరపూట కూలి కోసినాడు.

ఆయన వెతికింది
మనామాలో ఒక ముసలామె నోటి కోసమని
మాకెవరు చెప్పినారు?

ఇది మా షెడ్డుదో, ఇంకో షెడ్డుదో, తెలీదు.
సీసాలో ఒక కాయ మటుకు వంకరగా ఉంది.
ఏరేచోట ఎవరో కునికినారు.

ఇంటికొచ్చి మూత తిప్పితే టప్పుమంది.
మామా ఒకటి తీసి ఉన్న నాలుగు పళ్ళతో కొరికింది.
కరుక్కుమన్న చప్పుడు
వంటింటి దాకా నాకు వినబడింది.
"ఎవరు చేసినారే ఇది?"
"నేనే" అన్నాను.
"అబద్ధాలకోరు" అని నవ్వి
గడ్డం మీద కారిన పులుపు తుడుచుకోకుండానే
వంకరదానికి చెయ్యి పెట్టింది.